మైనం కింద తల్లి

రండర్రా, దగ్గరికి జరగండి. ఆ గోనెపట్టా ఇలా లాక్కుని కూర్చోండి, నేల చల్లగా ఉంది. గుమ్మం దగ్గరున్నవాళ్ళు తలుపు ఓరగా వెయ్యండి, మంచు లోపలికొస్తోంది. పుస్తకాలు పక్కన పెట్టెయ్యండి. ఇప్పుడు రాసేదేమీ లేదు, వినడమే. భయం వేస్తే పక్కవాడి చెయ్యి పట్టుకోండి గాని, మధ్యలో లేచి వెళ్ళకూడదు.

పొద్దున పాఠంలో రోము దేశపు ఓడల గురించి చెప్పుకున్నాం కదా. మిరియాల కోసం, సన్నబట్టల కోసం సముద్రాలు దాటి వచ్చేవని. వాళ్ళు తెచ్చిన బంగారు, వెండి నాణేల్ని రాజులూ షావుకార్లూ దాచుకున్నారు. కంచు బిళ్ళలు మాత్రం, వేలిగోరు కంటే కాస్త పెద్దవి, చేతులు మారి మారి ఎక్కడెక్కడికో పోయాయి. వాటిలో ఒకటి మన కొండలెక్కింది. ఎవరు మోసుకొచ్చారో, ఏ పిప్పళ్ళ బుట్టకి బదులిచ్చి వెళ్ళారో తెలీదు. ఆ బిళ్ళ కథే ఇది.

హుకుంపేట దాటాక జీపు దిగి, కాఫీ తోటల్లోంచి పైకి నడిస్తే నేరేడుపుట్టు అని ఒక ఊరు. అక్కడి కోడలు హేమలత. మొగుడు కామేష్ ఘాట్ రోడ్డు మీద సర్వీసు జీపు నడుపుతాడు. వాళ్ళకి ఆ ఏడు చివరి వానల్లో కవలలు పుట్టారు. మొదటివాడు బుధవారం పొద్దుపోయాక పుట్టాడు, బుధు అన్నారు. రెండోవాడు తెల్లవారుజాము దాకా తల్లిని బాధ పెట్టి పెట్టి గురువారం పుట్టాడు, గురు అన్నారు. ఇద్దరూ ఒక్కలాగే ఉంటారు. గురుకి ఎడమ చెవి తమ్మె మీద పుట్టుమచ్చ ఉంది. తల్లికి అదొక్కటే ఆనవాలు.

హేమలత అత్త కనక, మనవల్ని ఎత్తుకున్న కొన్నాళ్ళకే జ్వరంతో పోయింది. బతికినన్నాళ్ళూ ఆమె మెడలో నాణేల దండ ఉండేది. రాణి బొమ్మ రూపాయిలు, రాజు బొమ్మ అర్ధరూపాయిలు, చిల్లు కానులు. నడిమధ్యన మాత్రం నాణెం కాదు, ఒక మైనం ముద్ద. ఉసిరికాయంత, నల్లగా. దాని లోపల ఒక బిళ్ళ ఉందని అందరికీ తెలుసు. తల్లిబిళ్ళ అంటారు దాన్ని. దాని ముఖం చూసినవాళ్ళు మాత్రం ఊళ్ళో ఎవరూ లేరు. ఒంటికి రాసుకుని రాసుకుని ఏడాదిలో మైనం అరుగుతుంది. చలి పోయి ఎండలు మొదలయ్యే వేళ వచ్చే ఇటుకల పండక్కి, తేనె పిండగా మిగిలిన కొత్త మైనాన్ని అరచేతుల్లో మెత్తబరిచి, పాత మైనం మీద ఇంకో పొర అద్దాలి. అద్దాల్సింది ఆ ఇంటి కోడలే. ఎందుకని హేమలత అడిగితే కనక నవ్వేది.

"మా అత్త ఎట్టింది, నానెడతన్నాను. నీ వంతొచ్చాక నువ్వూ ఎడుదువు లే."

మనిషి పోయాక మళ్ళీ పండగ వచ్చేదాకా ఆ దండ ఎవరి మెడలోనూ పడకూడదు. హేమలత దాన్ని ఎక్కడ పెట్టింది? మీ ఇళ్ళల్లో విత్తనాల మొక్కజొన్న పొత్తులు ఎక్కడ వేలాడదీస్తారు? పొయ్యి పైన వాసానికి, పొగ తగిలేలా. పోకూడనివన్నీ మనం కట్టే చోటు అదే. ఆ పిల్లా అక్కడే కట్టింది.

ఆ చలికాలం మీకూ గుర్తుండే ఉంటుంది. లంబసింగిలో మంచు పేరుకుందని కార్లేసుకుని జనం విరగబడిన ఏడు. నేరేడుపుట్టులో పశువులకి కూడా గోనెలు కప్పారు. ఒక సాయంత్రం పిల్లల కాళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయని హేమలత పొయ్యిలో మోపెడు కర్రలు వేసింది. మంట వాసం దాకా లేచింది. ఇల్లు వెచ్చబడింది. పిల్లలు చేతులాడిస్తూ కేరింతలు కొట్టారు.

అప్పుడొచ్చింది వాసన. తేనె వాసన. తియ్యగా, గాఢంగా, ఎన్నో ఏళ్ళ అడవిపూలు ఒక్కసారి విచ్చినట్టు. పొయ్యిలో ఏదో చుయ్యిమంది. మళ్ళీ చుయ్యిమంది. హేమలత తలెత్తి చూసేసరికి మైనం చుక్కలు చుక్కలుగా నిప్పుల్లోకి కారిపోతోంది. గబగబా దండ దించింది. ఉసిరికాయ లేదు. దాని చోట చిన్న పచ్చటి బిళ్ళ, పైన రెండు చిల్లులు, చిల్లుల్లో దారం.

కొంగుతో తుడిచింది. ఒకవైపు ఇనపటోపీ పెట్టుకున్న ఆడమనిషి ముఖం, పక్కకి తిరిగి ఉంది. రెండోవైపు ఒక జంతువు నిలబడి ఉంది. కుక్కనుకుంది ముందు. కుక్క కాదు. ఎత్తైన మెడ, నిక్కిన చెవులు. తల వెనక్కి తిప్పి తన పొట్ట కిందకి చూసుకుంటోంది. అక్కడ ఇద్దరు పసిపిల్లలు చేతులు పైకి చాచి పాలు తాగుతున్నారు. జంతువు వీపు పైన రెండు చుక్కలు.

అది తోడేలని, ఏట్లో వదిలేసిన ఇద్దరు రాజు బిడ్డలకి పాలిచ్చి సాకిందని ఆ రోము దేశం వాళ్ళు చెప్పుకుంటారు. హేమలతకి ఆ కథ తెలీదు. తెలిసినా ఏం చేసేదో నేను చెప్పలేను.

కామేష్ జీపు దిగి వచ్చాక బిళ్ళని దీపం దగ్గర అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఓసి, మన గుంటలిద్దరికీ ఎవుడో ముందే ఫొటో తీసేసాడే!"

"మైనం పోయింది మావా. ఏటి సేద్దాం?"

"పండక్కి ఎలాగూ కొత్తది ఎడతావు కదా. అందాకా గాలి ఆడనీ పాపం. ఎన్నేళ్ళై మూసెట్టారో ఏటో."

ఆమెకీ అది మంచి శకునంలాగే తోచింది. ఇద్దరు పిల్లల తల్లి, ఇద్దరు పిల్లల బొమ్మ. ఆ బిళ్ళని విడిగా నల్లదారానికి ఎక్కించి, పిల్లలు పడుకునే చీర ఉయ్యాల తాడుకి కట్టింది, దిష్టి తగలకుండా.

మర్నాడు పొద్దున పిల్లలు పాలు తాగలేదు.

ఏడవలేదు, జ్వరం లేదు. రొమ్ము నోటికిస్తే ముఖం తిప్పుకున్నారు. పొట్టలు తట్టి చూసింది. నిండుగా, గట్టిగా ఉన్నాయి. మధ్యాహ్నానికి కాస్త తాగినట్టే తాగి వదిలేశారు. ఆ మర్నాడూ అంతే. హేమలతకి పాలు గడ్డకట్టి రొమ్ములు సలిపేవి. గోడవైపు తిరిగి, పాలు పిండి నేలపాలు చేసుకునేది. ఒకసారి గురు నోరు తుడుస్తుంటే వేలికి ఏదో తగిలింది. లాగితే వచ్చింది. బూడిదరంగు వెంట్రుక. మొరటుగా, వేలంత పొడుగు. నోట్లోంచి తడిసిన బొచ్చు వాసన.

ఊళ్ళో ఆశా కార్యకర్త కృపావతి వచ్చి జోలె కాటాలో పిల్లల్ని తూచింది. ముల్లు చూసి కళ్ళు పెద్దవి చేసింది.

"దేవుడికి స్తోత్రం! ఏటి ఎడతన్నావే వీళ్ళకి? కింద ఊళ్ళల్లో డబ్బాపాలు పోసినా ఇలా ఎదగట్లేదు."

"నా పాలు తాగట్లేదు అక్కా."

"తాగకపోతే గాలి తిని పెరిగారా? నీకన్నీ అనుమానాలే. ఈళ్ళ తొడలు సూడు, పనసతొనలు!"

నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. హేమలత నవ్వలేకపోయింది. పిల్లలు ఏడవడం మానేసి చాలా రోజులైందని ఆమెకి అప్పుడే తట్టింది. పొద్దు వాలి మంచు దిగే వేళకి ఇద్దరూ తలలు తిప్పి ఒకే వైపు చూసేవారు. తల్లి వైపు కాదు. ఉయ్యాల తాడు వైపు.

వాళ్ళింటి పక్క ముసలామె రాజులమ్మ. కనకకి చిన్నప్పటి నేస్తం. కూతురి కాన్పుకని చింతపల్లి వెళ్ళి అప్పుడే తిరిగొచ్చింది. పిల్లల్ని చూద్దామని గడపలో కాలుపెట్టి ఆగిపోయింది. ముక్కు ఎగబీల్చింది.

"మైనం ఏదే?"

హేమలత చెప్పింది. అంతా విని ముసలామె అలాగే గుమ్మానికి జారగిలి కూర్చుండిపోయింది. గొంతు తగ్గించి మాట్లాడింది.

"మీ అత్తకి వాళ్ళత్త సెప్పినప్పుడు నాను పక్కనున్నాను. పాలిచ్చే తల్లికి సెప్పకూడదంటారే. బెంగెట్టుకుంటే పాలెండిపోతాయని. అందుకే నీకు సెప్పుండదు."

"ఏటి మామ్మా అది?"

"తల్లి. దాని కింద గుంటలు కంచు గుంటలు. కదలరు, తాగరు. పొదుగు నిండిపోయి దానికి సలుపు. నీకు తెలీదేటి ఆ సలుపు? పాల వాసన తగిల్తే లేసి వత్తాది. మైనం దాని ముక్కు మీదకే... వాసన తగలకుండా."

"నా బిడ్డల్ని తినేత్తాదా?"

"తినదే. పాలిత్తాది." రాజులమ్మ కళ్ళు దించుకుంది. "ఎవులి పాలు మరిగితే ఆల బిడ్డలైపోతారు. నీ పాలు ఇంకా కొంచెమేనా తాగుతున్నారా?"

"ఇయాల... ముట్టలేదు."

"అయితే ఇయాలే అద్దీయాలి. రేపటికి ఆళ్ళు నీకాడ ఉండరు."

ఎలా అద్దాలో చెప్పింది. పొయ్యి ఆర్పెయ్యాలి. దీపం ఉండకూడదు. మైనం నిప్పు మీద కాదు, చంకలో పెట్టుకుని ఒంటి వేడికి మెత్తబరచాలి. మంచుతో పాటు అది వస్తుంది. రానివ్వాలి. తాగిస్తుంది. తాగించనివ్వాలి. అటు తిరిగి చూడకూడదు. పొదుగు భారం దిగాక మళ్ళీ బిళ్ళలోకి ఎక్కుతుంది. బొటనవేలితో తడిమి, అది ఎక్కిందని తెలిశాక మైనం అద్దెయ్యాలి.

"ముందే అద్దేత్తే అది బైటే ఉండిపోద్ది. గేపకముంచుకో. ఏలికి అది తగలాల, దాని కింద ఇద్దరు గుంటలు తగలాల. అప్పుడే."

"నువ్వు నాతో ఉండు మామ్మా."

"ఇంటోళ్ళు తప్ప పరాయి మడిసి లోపలుంటే అది రాదు. గుమ్మం బైట వీపెట్టి కూకుంటాను. ఎక్కడికీ పోను."

కామేష్‌కి ఫోను కలవలేదు. ఘాట్‌లో మంచు పట్టి జీపులన్నీ లైట్లేసుకుని నిలిచిపోయాయని ఎవరో అన్నారు. పొద్దు ఇంకా పూర్తిగా కుంకలేదు, కాని ఎదురింటి గోడ కనిపించడం మానేసింది. మంచు తలుపు సందుల్లోంచి పాకుతూ వచ్చింది. ఆర్పిన పొయ్యిలోంచి తడిబూడిద వాసన. హేమలత ఉయ్యాలకి వీపు పెట్టి, గోడకి ముఖం పెట్టి కూర్చుంది. చంకలో రాజులమ్మ తెచ్చిచ్చిన మైనం ముద్ద చల్లగా ఉంది, తర్వాత గోరువెచ్చనైంది. వెనక్కి చెయ్యి చాస్తే తాడు అందుతుంది. తాడుకి బిళ్ళ.

చాలాసేపు ఏమీ లేదు. ఊళ్ళో మేకలు అరిచి ఊరుకున్నాయి. చూరు నుంచి మంచు బొట్లు బొట్లుగా రాలుతోంది.

తర్వాత ఆ బొట్ల చప్పుడు ఇంట్లోంచి వచ్చింది.

టప్... టప్... నేల మీద. వెచ్చటి పాల వాసన. దాని వెనకే తడిబొచ్చు కంపు. వాసం కిర్రుమంది. ఉయ్యాల తాడు బిగుసుకుంది, పెద్ద మనిషి ఎక్కినట్టు.

పిల్లలు నవ్వారు.

తల్లి దగ్గర ఎన్నడూ నవ్వని నవ్వు అది... గొంతు లోపల్నించి, ఆనందంగా. ఆ వెనకే చప్పరించే చప్పుడు. ఆ చప్పుడు హేమలతకి తెలుసు. లోకంలో ఆమెకి బాగా తెలిసిన చప్పుడు అదొక్కటే. గుటక... గుటక... ఊపిరి... గుటక. ఆమె రొమ్ములు చేపుకొచ్చాయి. రవిక తడిసి, పొట్ట మీదకి కారింది. పళ్ళు బిగించింది. గోడ మట్టిలో గోళ్ళు దిగాయి.

గుటకలు ఆగాయి.

వేడి ఊపిరి ఒకటి ఆమె మెడ వెనక ఆగింది. వాసన చూసింది... నెమ్మదిగా, జుట్టు దగ్గర, చెవి దగ్గర, తడిసిన రవిక దగ్గర. ఒక తల్లి ఇంకో తల్లిని వాసన చూసింది. హేమలత కళ్ళు మూసుకుంది. ఏదో మెత్తగా, ఓదార్పుగా ఆమె భుజాన్ని నాకింది. గరుకు నాలిక.

ఊపిరి వెనక్కి తగ్గింది.

తాడు కిర్రుమంది. మళ్ళీ కిర్రుమంది. వదులైంది.

బయట నుంచి గుసగుస. "ఎక్కిందా?"

"తెలీదు..."

"తడుము. బేగి."

వెనక్కి చెయ్యి చాచింది. తాడు తడిగా ఉంది. బిళ్ళ అందింది. కాలుతోంది. బొటనవేలు పెట్టింది. మెడ తగిలింది, వెనక్కి తిరిగిన తల, వీపు. ఉంది. ఎక్కింది. వేలు కిందకి జరిపింది. ఒక పిల్లాడు. పక్కన ఇంకో పిల్లాడు. ఇద్దరూ ఉన్నారు.

వాళ్ళలో ఒకడు కదిలాడు.

ఆమె వేలి కింద, ఆవగింజంత చెయ్యి... వేలిని పట్టుకోబోయినట్టు... మెత్తగా, వెచ్చగా.

"ఉన్నారా?" బయట గుసగుస.

"ఉన్నారు గాని..."

"అయితే అద్దెయ్యే! ఆలోసించకు!"

అద్దేసింది. రెండు చేతులతో నొక్కింది. తేనె వాసన ఇల్లంతా నిండింది. ముద్దలోపల ఏదో సన్నగా కీచుమంది, పక్షిపిల్లలా... ఇంకా గట్టిగా నొక్కింది. ఆగింది.

అదే క్షణాన ఉయ్యాలలో పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ఎన్ని రోజులకి! ఆకలి ఏడుపు! హేమలత గిర్రున తిరిగి ఇద్దర్నీ ఒళ్ళోకి లాక్కుంది. ఆబగా రొమ్ము పట్టారు. ఆమె గట్టిగా ఏడ్చేసింది. రాజులమ్మ తలుపు తోసుకొచ్చి దీపం వెలిగించి, పిల్లల తలలు నిమిరి, తనూ కళ్ళు తుడుచుకుంది.

"గండం గడిచిందే తల్లీ!"

పిల్లల నోళ్ళు చాలా చల్లగా ఉన్నాయి. చలికే అనుకుంది హేమలత.

ఇంకెవరైనా అయితే కథ ఇక్కడ ఆపేసేవారు. నేనూ ఆపేద్దును. కాని మీరు అడుగుతారు కదా, తర్వాతేమైందని.

కామేష్ ఇంటికొచ్చి పిల్లల్ని గాల్లోకి ఎగరేసి ఆడించాడు. నాలుగు రోజులు గడిచాయి. తలంటు పోస్తూ హేమలత చూసుకుంది. గురు చెవి మీద పుట్టుమచ్చ కుడివైపు ఉంది.

"ఎడం సెవికి కదా మావా ఉండేది!"

"నువ్వే మర్సిపోయుంటావు."

"ఫోన్లో ఫొటో సూడు. ఎడమే."

"ఓసి పిచ్చిదానా, ఫోను కెమెరాలో ఎడం కుడి తిరగబడుద్ది కదే."

నిజమే, తిరగబడుతుంది. నాణెం అచ్చులో కూడా అంతే. అచ్చులో ఎడమైతే బిళ్ళ మీద కుడి. హేమలత ఊరుకుంది. పిల్లల మెడ మడతల్లో లేతపచ్చ మరక కనిపించింది, కంచు గాజు వేసుకున్న చేతికి అయ్యేలాంటిది. చింతపండుతో రుద్దింది. పోలేదు. దానికీ ఊరుకుంది.

ఊరుకోలేని సంగతి ఒకటుంది. ఒళ్ళో పిల్లలు ఎంత ఏడ్చినా, ఎంత చప్పరించినా ఆమెకి చేపు వచ్చేది కాదు. కృపావతి మాత్రలిచ్చింది, బొప్పాయి కూర వండుకోమంది. ఏమీ లాభం లేదు. కాని బిళ్ళని మళ్ళీ దండలో చేర్చి గదిమూలన, తలెత్తున, పొయ్యికి దూరంగా కట్టింది. ఆ దండ కింద నుంచి నడిచినప్పుడల్లా... మైనం ముద్దకి తల తగిలినప్పుడల్లా... రవిక తడిసిపోయేది.

ఇటుకల పండగ వచ్చింది. డప్పులు మోగాయి. ఊరి ఆడవాళ్ళంతా హేమలత ముంగిట్లో చేరారు, కొత్త కోడలు మైనం అద్దడం చూద్దామని. కొత్త మైనం అరచేతుల్లో మెత్తబడింది. దండ ఒళ్ళో పెట్టుకుంది. అందరూ చూస్తుండగానే రవిక ముందంతా తడిసింది. ఆమె అద్దలేదు. ముద్దని చెవి దగ్గర పెట్టుకుని కూర్చుంది. ఏదో వింటున్నట్టు. ఆమె బొటనవేలి గోరు నెమ్మదిగా పాత మైనం అంచు కిందకి దూరింది.

డప్పులు ఎందుకో ఆగాయి.

చాప మీద పిల్లలిద్దరూ ఉన్నారు. ఇంకా దొర్లడమే తప్ప కూర్చోవడం రాని పిల్లలు. లేచి కూర్చున్నారు. ఇద్దరూ ఒకేసారి తల పక్కకి తిప్పారు, బిళ్ళ మీద బొమ్మలా. ఒంటికన్నుతో తల్లిని చూశారు. ఇద్దరూ ఒకే గొంతుతో, పెద్దవాళ్ళంత స్పష్టంగా అన్నారు.

"ముయ్యమ్మా."

సరే, లేవండి. గోనెపట్టాలు దులిపి మడతపెట్టండి. ఏమిటలా గుడ్లప్పగించి చూస్తారు? ఆమె మూసిందా, ఒలిచిందా అని నన్నడక్కండి. చీకటి పడకముందే ఇళ్ళకి చేరండి. మీ అమ్మలు చోడంబలి కాచి ఉంచుంటారు, వేడివేడిగా తాగండి. అన్నం ఉంటే కడుపునిండా తినండి. మంచులో ఎవరికెవరూ కనబడరు, ఒకరి చెయ్యి ఒకరు వదలొద్దు. ఊరి మొదట్లో అమ్మ పిలిస్తే, మొదటి పిలుపుకే గట్టిగా పలకండి. వచ్చింది మీరేనని ఆవిడకి తెలియాలి.